గ్యాలన్ అంటే ఎన్ని లీటర్లు? నలభై ట్రేల మిర్చి నారు పోగొట్టుకుని నేర్చుకున్న లెక్క

పైన వీడియోలో సీసాలు, బకెట్లు, డ్రమ్ము ముందు పెట్టుకుని అన్నీ కొలిచి చూపించాను. కానీ వీడియోలో అంకెలు గబగబా వెళ్లిపోతాయి, ఆపి రాసుకోవడం కష్టం. అందుకని లెక్క మొత్తం ఇక్కడ రాస్తున్నా. ఈ లెక్క నాకెందుకు పట్టిందో వీడియోలో సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి కెమెరా ముందు కొంచెం నామోషీ అనిపించింది.

మాది పల్నాడు వైపు. షేడ్‌నెట్ కింద మిర్చి, టమాటా, వంగ నారు పెంచి చుట్టుపక్కల రైతులకు ఇస్తుంటాను. రసాయనాలు వాడను కాబట్టి తామర పురుగు వచ్చిందంటే నా గుండెల్లో రాయి పడుతుంది. నారు దశలోనే పై ముడత మొదలైతే ఆ మొక్కను ఏ రైతూ తీసుకోడు. ఒక ఏడాది అలాగే వచ్చింది. వేప కషాయం కొట్టాను, పూర్తిగా తగ్గలేదు. రాత్రి ఫోన్లో వెతుకుతుంటే అమెరికాలో ఒక తోటమాలి వీడియో కనపడింది. పొటాషియం సబ్బు ద్రావణం నీళ్లలో కలిపి కొడుతున్నాడు. ఒక గ్యాలన్ నీళ్లకు ఐదు టేబుల్ స్పూన్లు అన్నాడు. పురుగు మీద తడి తగిలితే చాలు, మెత్తటి ఒంటి పురుగులు చస్తాయి, ఆరిపోయాక మందు ప్రభావం ఉండదు అని వివరంగా చెప్పాడు. నాకు నచ్చింది. (సబ్బు ప్రకృతి వ్యవసాయంలో ఉండాలా వద్దా అన్నది వేరే గొడవ. దాని మీద ఇంకో వీడియో చేద్దాం.)

మర్నాడు పనిమీద గుంటూరు వెళ్లాల్సి వచ్చింది. బస్సులోంచి మా నర్సరీ కుర్రాడికి ఫోన్ చేసి, "సబ్బు ద్రావణం ఐదు పెద్ద స్పూన్లు చొప్పున కలిపి సాయంత్రం కొట్టెయ్" అన్నాను. గ్యాలన్‌కి అని చెప్పలేదు. చెప్పినా వాడికి గ్యాలన్ ఎంతో తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు, సాయంత్రం వచ్చాక చూసుకుందాంలే అనుకున్నా.

మనవాళ్ల చెవికి ఏ మందైనా 'లీటరుకు ఇంత' అనే అలవాటు. షాపులో అదే చెబుతారు, డబ్బా మీద అదే ఉంటుంది, నేను చదివిన అగ్రికల్చర్ డిప్లొమాలో కూడా అదే. వాడూ అలాగే అనుకున్నాడు. 16 లీటర్ల పంపుకి ఎనభై స్పూన్లు. తెలివైన కుర్రాడు కదా, ఎనభై స్పూన్లు ఎవడు లెక్కపెడతాడని స్పూను 15 మి.లీ. చొప్పున హెచ్చవేసి, లీటరు డబ్బాతో ఒకటీ, దాని పైన ఇంకో 200 మి.లీ. కొలిచి పోశాడు. మొత్తం లీటరు రెండొందలు. పోయాల్సింది దాదాపు 320 మి.లీ. మాత్రమే.

రెండో రోజుకి ఆకుల అంచులు మాడాయి. మూడో రోజుకి చిగుళ్లు నల్లబడ్డాయి. నలభై ట్రేలు, ట్రేకి 98 మొక్కలు. నాలుగు వేలకు ఎనభై తక్కువ. అది కూడా పక్క ఊరి బాబాయ్ అడ్వాన్స్ ఇచ్చి పెట్టుకున్న నారు. ఆయన వచ్చి ఒక ట్రే పైకెత్తి చూసి, "ఏందబ్బాయ్, వేడినీళ్లు పోశారా వీటి మీద?" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది. మొక్క రూపాయి లెక్కన చూసినా పోయింది నాలుగు వేలే, కానీ ఆయన దుక్కి చేసుకుని, ఘనజీవామృతం చల్లుకుని, వానకోసం చూస్తున్నాడు. మళ్లీ నారు పోసి అందించాలంటే నెల పైనే పడుతుంది. ఆయన పదును పోయింది, అదీ అసలు నష్టం.

కుర్రాడి తప్పు ఇందులో ఏమీ లేదు. కొలత నేను చెప్పాను, దేనికి కొలతో చెప్పలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నని అడిగా, గ్యాలన్ అంటే ఎంత అని. "నాలుగున్నర లీటర్లు. మా చిన్నప్పుడు కిరసనాయిలు, డీజిలు గ్యాలన్లలోనే కదా చెప్పుకునేది" అన్నాడు. ఫోన్లో చూస్తే 3.785 లీటర్లు అని వచ్చింది. నాన్నది పాత జ్ఞాపకం, తప్పయి ఉంటుందిలే అనుకున్నా. తర్వాత తెలిసింది, ఇద్దరిదీ కరెక్టే. గ్యాలన్లు రెండున్నాయి.

ఒకటి అమెరికాది, 231 ఘనపుటంగుళాలు. ఇది నిజానికి పాత ఇంగ్లండు సారా కొలత. 18వ శతాబ్దం మొదట్లో రాణి ఆన్ కాలంలో చట్టంలో పెట్టుకున్నారు. అమెరికా వాళ్లు విడిపోయేటప్పుడు ఆ కొలతనే పట్టుకుపోయారు. తర్వాత 1824లో బ్రిటన్ పాతవన్నీ తీసేసి, పది పౌండ్ల నీళ్లు పట్టేది ఒక గ్యాలన్ అని కొత్తది పెట్టుకుంది. అది 4.546 లీటర్లు. మన దేశాన్ని ఏలింది బ్రిటిష్ వాళ్లు కాబట్టి నాన్న చిన్నప్పటి గ్యాలన్ అది. 1956లో మన దగ్గర మెట్రిక్ చట్టం వచ్చాక అది మెల్లగా పోయింది గానీ పెద్దవాళ్ల నోట్లో ఇంకా ఉంది. కాబట్టి పాత వ్యవసాయ పుస్తకంలో గ్యాలన్ కనపడితే నాలుగున్నర, అమెరికా వీడియోలో వినపడితే మూడు ముప్పావు. రెండింటి మధ్య ఐదో వంతు తేడా.

ఇంకో మెలిక ఏంటంటే, ద్రవాల ఔన్సు కూడా రెండు రకాలే. అమెరికా గ్యాలన్‌లో 128 ఔన్సులు, ఒక్కోటి 29.6 మి.లీ. బ్రిటిష్ గ్యాలన్‌లో 160, ఒక్కోటి 28.4 మి.లీ. ఇది చాలదన్నట్టు బరువు కొలిచే ఔన్సు మూడోది ఉంది, 28.35 గ్రాములు. నీళ్లలాంటి వాటికి ద్రవ ఔన్సు, బరువు ఔన్సు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కలగాపులగం చేసినా పెద్ద ప్రమాదం లేదు. పిండికో, వేపపొడికో అలా చేస్తే మాత్రం మునిగిపోతాం.

లోపలి వరస మాత్రం మనవాళ్లకి వింతగా ఉండదు. మా నానమ్మ ధాన్యం కొలిచేటప్పుడు నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం అనేది. అమెరికా వాళ్లదీ అదే పోకడ. రెండు కప్పులు ఒక పింటు, రెండు పింట్లు ఒక క్వార్టు, నాలుగు క్వార్టులు ఒక గ్యాలన్. అంటే గ్యాలన్‌కి 16 కప్పులు. కప్పు 237 మి.లీ., పింటు 473, క్వార్టు 946. కప్పుకి 16 టేబుల్ స్పూన్లు, టేబుల్ స్పూనుకి మూడు టీ స్పూన్లు. టేబుల్ స్పూను దాదాపు 15 మి.లీ., టీ స్పూను 5 మి.లీ. అనుకుంటే చాలు. ఎప్పుడూ సగం చేస్తూ పోవడం, రెండింతలు చేస్తూ పోవడం. కొలపాత్ర ఒకటుంటే చదువు రానివాళ్లు కూడా చేసే లెక్క అది. అందుకే రెండు చోట్లా పుట్టి ఉంటుంది అనుకుంటా.

ఇక్కడ ఒక జాగ్రత్త. శాశ్వత వ్యవసాయం వీడియోలు చాలా ఆస్ట్రేలియా నుంచి వస్తాయి. అక్కడ టేబుల్ స్పూను 20 మి.లీ. కప్పు 250. మాట్లాడేవాడు ఏ దేశంవాడో ముందు చూసుకోండి. మన వంటింట్లో పెద్ద స్పూను అనేది అసలు కొలతే కాదు. మా ఇంట్లో ఉన్న మూడు స్పూన్లలో నీళ్లు పోసి కొలిస్తే 8, 11, 14 మి.లీ. వచ్చాయి. వీడియోలో చూపించాను. మందుల షాపులో దగ్గు మందుతో ఇచ్చే గీతల మూత వీటన్నిటికంటే నయం.

ఇప్పుడు నేను వాడే కిటుకు. గ్యాలన్‌ని లీటర్లలోకి, స్పూన్లని మి.లీ.లోకి విడివిడిగా మార్చి, మళ్లీ భాగించి... ఇదంతా పొలంలో జరిగే పని కాదు. మనకి కావాల్సింది ఒక్కటే, లీటరు నీళ్లకి ఎంత అని. అమెరికా వాడు గ్యాలన్‌కి ఎన్ని టేబుల్ స్పూన్లు చెబితే దాన్ని నాలుగుతో గుణించండి. అదే లీటరుకి మి.లీ. ఖచ్చితంగా అయితే 3.9, కానీ పంపు దగ్గర నాలుగు చాలు. నా ఐదు స్పూన్ల సబ్బు అంటే లీటరుకి 20 మి.లీ., రెండు శాతం ద్రావణం. మా కుర్రాడు కొట్టింది ఏడున్నర శాతం. అలాగే వేపనూనె గ్యాలన్‌కి రెండు టేబుల్ స్పూన్లు అంటే లీటరుకి దాదాపు 8 మి.లీ. మనవాళ్లు మామూలుగా 5 మి.లీ. వాడతారు, కాబట్టి అదే కొంచెం ఎక్కువ మోతాదు అని అర్థమవుతుంది. గ్యాలన్‌కి ఔన్సు అంటే ఎనిమిదితో గుణించండి, ఔన్సంటే రెండు టేబుల్ స్పూన్లే కాబట్టి. గ్యాలన్‌కి టీ స్పూను అంటే లీటరుకి 1.3 మి.లీ.

మార్చిన అంకెని మనం మామూలుగా వాడే మోతాదు పక్కన పెట్టి చూడండి. రెండింతలకి మించి తేడా వస్తే ఎక్కడో జారిందని లెక్క. అప్పుడు నాలుగు మొక్కల మీద కొట్టి రెండు రోజులు ఆగండి. నేను నాలుగు వేల మొక్కల మీద పరీక్ష చేశాను.

ఎకరాకి చెప్పే కొలతలు ఇంకా సులువు, ఎందుకంటే వాళ్ల ఎకరం, మన ఎకరం ఒకటే. 43,560 చదరపు అడుగులు, మన వంద సెంట్లు. విస్తీర్ణం మార్చే పని లేదు. చేపల ద్రావణం ఎకరాకి ఒక క్వార్టు అంటే 946 మి.లీ., లీటరు అనుకోండి. దాన్ని 20 గ్యాలన్ల నీళ్లలో అంటే 76 లీటర్లు, మన 16 లీటర్ల పంపుతో ఐదు ట్యాంకులకి కాస్త తక్కువ. డ్రిప్పు విషయంలో కూడా గంటకి ఒక గ్యాలన్ డ్రిప్పర్ అంటే మన 4 లీటర్ల డ్రిప్పరే.

డల్లాస్ దగ్గర ఉండే మా పెద్దమ్మ కూతురి కథ దీనికి తిరగేసిన లెక్క. అక్క వాళ్ల పెరట్లో బెండ, గోంగూర, సొర పెడుతుంది. "జీవామృతం చేసుకుంటాన్రా, 200 లీటర్ల లెక్క నాకెందుకు, నా దగ్గర ఐదు గ్యాలన్ల బకెట్టు ఉంది" అని ఫోన్ చేసింది. ఊరి బయట ఆవులున్న తెలిసినవాళ్ల దగ్గర పేడ, మూత్రం దొరుకుతాయట. ఐదు గ్యాలన్లంటే 19 లీటర్లు. నిండా పోస్తే పొంగుతుంది కాబట్టి నాలుగు గ్యాలన్లకి, అంటే 15 లీటర్లకి లెక్కేసి ఇచ్చాను. మన 200 లీటర్లకి పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు, గట్టు మీద మట్టి గుప్పెడు. అక్కకి పేడ 750 గ్రాములు, అంటే పౌనులో చెబితే ఒకటి ముప్పావుకి కొంచెం తక్కువ. మూత్రం కప్పున్నర నుంచి మూడు కప్పుల దాకా. బెల్లం 150 గ్రాములు, పిండి 150 గ్రాములు. ఔన్సుల్లో ఐదుంపావు.

అక్క ఏం చేసిందంటే, గీతల గాజు కప్పు తీసుకుని పిండిని ఐదు ఔన్సుల గీత దాకా పోసింది. అది ద్రవాల గీత. శనగపిండి నీళ్లకంటే చాలా తేలిక, అందుకని పిండి సగం కూడా పడలేదు. పొడి వస్తువులకి కప్పు వాడొద్దు, వంటింటి తక్కెడ వాడమని చెప్పాను. నొక్కి పోస్తే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు వస్తుంది. అయితే దాని వల్ల కొంపలేమీ మునగలేదు. జీవామృతం సబ్బులాంటిది కాదు. పిండి కొంచెం అటూఇటూ అయినా సూక్ష్మజీవులు సర్దుకుంటాయి. నేను అన్నిటికీ మి.లీ. పట్టుకుని కూర్చోమని చెప్పట్లేదు. పులిసే వాటికి చేతి అంచనా నడుస్తుంది. ఆకు మీద కొట్టే సబ్బు, నూనె, వెనిగర్‌లాంటివాటికి నడవదు.

అన్నట్టు మనం జీవామృతానికి వాడే నీలం డ్రమ్ము ఉంది చూశారూ, అమెరికా వాళ్ల 55 గ్యాలన్ల డ్రమ్ము దాని తోబుట్టువే. 55 గ్యాలన్లంటే 208 లీటర్లు. ఆ దేశంలో ఉన్న మనవాళ్లు ఆ డ్రమ్ము కొనుక్కుంటే మన 200 లీటర్ల ఫార్ములా ఉన్నదున్నట్టు పనికొస్తుంది, కొంచెం వెలితి వదిలితే చాలు. వార్తల్లో వినే ముడి చమురు బ్యారెల్ ఇది కాదు, అది 42 గ్యాలన్లు, 159 లీటర్లు.

కంపోస్టు వీడియోలు చూసేవాళ్లకి ఒక మాట. అక్కడ కంపోస్టుని క్యూబిక్ యార్డుల్లో చెబుతారు. ఒక యార్డు అంటే 27 ఘనపుటడుగులు, 765 లీటర్లు. "దున్నకుండా పైన రెండంగుళాల కంపోస్టు పరచండి, అంతే" అని తేలిగ్గా అనేస్తారు. నేనూ ఉత్సాహపడి లెక్క వేశాను. ఎకరానికి ఒక్క అంగుళం మందం పరవాలంటే 3,630 ఘనపుటడుగులు. 134 యార్డులు. మా ఊళ్లో ట్రాక్టరు ట్రక్కుని వంద అడుగులకి లెక్కేస్తారు. అంటే 36 ట్రక్కులు. రెండంగుళాలకి 72. ఎకరానికి 72 ట్రక్కుల కంపోస్టు మా మండలం మొత్తం వెతికినా దొరకదు. వాళ్లది అబద్ధం కాదు, వాళ్లు చేసేది ఐదు సెంట్లు, పది సెంట్ల కూరగాయల మడుల మీద. అంగుళం అనే చిన్న మాటలో ఆ సంగతి కనపడదు, ట్రక్కుల్లోకి మారిస్తే కనపడుతుంది. నా మటుకు నేను రెండు సెంట్ల నారుమడిలో మాత్రం అలా చేశాను. ఒకటిన్నర ట్రక్కు పట్టింది, బాగానే ఉంది.

నీళ్లకీ అదే 3,630 అడుగులు. ఎకరంలో అంగుళం తడి అంటే 27,154 అమెరికా గ్యాలన్లు, మన లెక్కలో లక్షా రెండు వేల ఎనిమిది వందల లీటర్లు. మా బోరు కింద డ్రమ్ము పెట్టి గడియారం పట్టుకుంటే 200 లీటర్లకి 75 సెకన్లు పట్టింది. గంటకి 9,600 లీటర్లు. అంగుళం తడి ఇవ్వాలంటే పది గంటల నలభై నిమిషాలు మోటారు ఆడాలి. ఈ ఒక్క లెక్క మీ బోరుకి మీరూ వేసుకోండి, ఆచ్ఛాదన ఎందుకు పరచాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. మనం కూడా పూర్తిగా మెట్రిక్‌లోకి రాలేదులెండి. సాగర్ నీళ్లు ఇప్పటికీ టీఎంసీల్లోనే చెప్పుకుంటాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు.

మొక్కజొన్న వేసేవాళ్లకి బుషెల్ కూడా చెప్పేస్తా. పేరుకి అది కూడా కొలపాత్రే, 35 లీటర్లు పట్టేది. కానీ బేరంలో బరువుకి మారిపోయింది, మన దగ్గర బస్తా అంటే ఇన్ని కిలోలు అని ఎలా అయిందో అలాగ. మొక్కజొన్న బుషెల్ 56 పౌన్లు, 25.4 కిలోలు. ఎకరాకి 200 బుషెల్లు పండించానని ఎవరైనా అంటే 50 క్వింటాళ్ల పైమాట.

అమెరికా నుంచి ఎవరైనా ఏదైనా సీసా తెచ్చిస్తే తల పట్టుకోనక్కర్లేదు. డబ్బా మీద ఔన్సుల పక్కనే మి.లీ. కూడా ఉంటుంది. 32 ఔన్సుల సీసా మీద 946 మి.లీ. అని కనపడుతుంది. మోతాదు చెప్పే దగ్గర మాత్రం చాలాసార్లు గ్యాలన్‌కి ఇంత అనే ఉంటుంది, అక్కడ పైన చెప్పిన నాలుగు, ఎనిమిది గుర్తు తెచ్చుకోండి.

బాబాయ్ సంగతి అడుగుతారు కదా. వేరేవాళ్లకి పోసిన నారులోంచి వాళ్లని బతిమాలి 25 ట్రేలు ఆయనకి సర్దాను. మిగతా పదిహేను మళ్లీ పోసి, నలభై రోజులకి ఇచ్చాను. ఆయన చేలో ఆ పదిహేను ట్రేల మేర తోట చివరిదాకా పొట్టిగానే ఉండిపోయింది, దారిన పోతూ చూసినప్పుడల్లా కనపడేది. తర్వాతి ఏడు కూడా నా దగ్గరే నారు తీసుకున్నాడు. అడ్వాన్స్ చేతిలో పెడుతూ, "అబ్బాయ్, ఈసారి స్పూన్లు నువ్వే లెక్కపెట్టు" అన్నాడు.

ఇప్పుడు షెడ్డు గోడ మీద పెయింటుతో రాయించా: సబ్బు లీటరుకి 20, పంపుకి 320. పక్కన ఖాళీ నీళ్ల సీసా ఒకటి వేలాడుతుంది, 320 దగ్గర ఎర్ర గీత ఉంటుంది. కుర్రాడు స్పూను ముట్టుకోడు.

వచ్చే ఆదివారం వీడియోలో ఇదే సబ్బు కొన్ని బోరు నీళ్లలో తెల్లగా ఎందుకు విరిగిపోతుందో చూపిస్తా. ఉప్పు నీళ్ల బోరు ఉన్నవాళ్లు ఒక సీసాలో నీళ్లు పట్టి పక్కన పెట్టుకోండి, కలిసి చేద్దాం.